ఫల్గుణ చూపించిన చెయ్యి

విశాఖపట్నంలో జయశ్రీ నడిపే స్టూడియోలో చేరిన దగ్గర్నుంచీ రమణికి వెనక పనే. మందుల ఫ్యాక్టరీలో మాస్కు ఎలా పెట్టుకోవాలి, ఓడరేవులో క్రేన్ కింద ఎందుకు నిలబడకూడదు, ఇలాంటి కంపెనీ వీడియోలు ఎన్నో చేశారు. అన్నిటికీ రమణి క్లాప్ కొట్టింది, మైకులు తగిలించింది, ఎవరెప్పుడు ఎక్కడుండాలో చూసుకుంది. డైరెక్టర్ కుర్చీ మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లదే.

అలాంటిది ఆ అక్టోబరులో ఒక ఉదయం జయశ్రీ ఆమెను గదిలోకి పిలిచి, "అరకు వైపు కాఫీ పల్పింగ్ కేంద్రాలున్న కంపెనీకి ట్రైనింగ్ ఫిల్మ్ కావాలట. డైరెక్షన్ నువ్వు చెయ్యి" అంది.

"నేనా మేడమ్?"

"నువ్వే. మీ ఊరు అటేనని కాదు ఇస్తున్నది. పని వచ్చని ఇస్తున్నాను."

రమణిది ముంచింగిపుట్టు దాటాక కొండ మీది ఊరు. తండ్రి బుధు కాఫీ, రాగులు పండిస్తాడు. జయశ్రీ మాట విన్నాక, మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేదాకా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

కంపెనీ తరఫున మాట్లాడ్డానికి సేఫ్టీ ఆఫీసర్ మోహన్‌కృష్ణ వచ్చాడు. నెమ్మదస్తుడు. "ప్రతి సీజనుకీ కొత్తవాళ్లు చేరతారు. రాసిచ్చిన రూల్సు ఎవరూ చదవరు. కళ్లతో చూసి నేర్చుకునేది కావాలమ్మా" అన్నాడు. రమణి స్క్రిప్టు రాసింది. కంపెనీ దిద్ది పంపింది, మళ్లీ రాసింది. కేంద్రంలో సూపర్‌వైజరుగా ఉన్న కనక కెమెరా ముందు నిలబడి, పండు తొక్క ఒలిచే యంత్రం దగ్గర ఎలా మసలుకోవాలో చెబుతుంది. అందరూ సరేనన్నాక రమణి చోటు చూసుకోవడానికి కొండెక్కింది.

కేంద్రం దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మంచు ఇంకా విడలేదు. ఎర్రటి పండ్ల బస్తాలు వరుసగా దిగుతున్నాయి. కాటా దగ్గర బరువులు తూస్తున్న మనిషి కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని, అన్ని పనులూ ఎడంచేత్తోనే చేస్తున్నాడు.

"ఆడు ఫల్గుణ" అంది కనక గొంతు తగ్గించి. "కిందటేడు యంత్రం ఆడే నడిపేవోడు. కుడిసేతి వేళ్లు నాలుగు తెగిపోనాయి. అప్పట్నుంచి తువ్వాలు తియ్యడు. ఎవులితో మాటాడడు."

రమణికి తన స్క్రిప్టు గుర్తొచ్చింది. అందులో ఆ సంగతికి దొరికిన చోటు ఒక్క వాక్యం: "చేతులు జాగ్రత్తగా ఉంచుకోవలెను." రాసేటప్పుడు చక్కగానే కనిపించిన ఆ మాట ఇప్పుడు వట్టి మాటగా తోచింది.

డిసెంబరులో షూటింగ్. కెమెరామన్ గోపి లైట్లు సర్దాడు, జనరేటర్ దూరంగా పెట్టించి శబ్దం సరిచూశాడు. కనక కొత్త చీర కట్టుకుని వచ్చింది. రమణి "యాక్షన్" అనగానే నిలువునా బిగుసుకుపోయింది.

"ప్రియమైన కార్మిక సోదర సోదరీమణులారా..." అని, అక్కడితో ఆగింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ ఆగింది. పొద్దెక్కింది, మంచు విడిపోయింది, కనక ముఖం మాత్రం ఏడుపుకి దగ్గరపడింది. "నాకు రాదే గుంటా! ఇంకెవుల్నైనా పెట్టుకో" అంది.

రమణి ఒక్క నిమిషం ఆలోచించింది. రోజుల తరబడి దిద్దిన స్క్రిప్టుని మడిచి సంచిలో పడేసింది. "గోపీ, స్టాండు తీసెయ్. కెమెరా భుజాన పెట్టుకో" అని, కనక వైపు తిరిగింది. "అక్కా, కెమెరా సంగతి వదిలీ. అదిగో, గంగ ఇవాళే పన్లో చేరింది. ఆమెకి పని నేర్పు. మా వైపు చూడకు."

గంగ భయంభయంగా ముందుకొచ్చింది. అంతే, కనకకి నోరొచ్చేసింది. "ఇలాగ రాయే. ముందు ఆ జడ ముడెయ్యి. కొంగు దోపు. గాజులు తీసీ. ఈ బెల్టు సూసినావా, తిరిగినప్పుడు కొంగు లాగిందంటే నిన్నూ లాగీద్ది..." గోపి వాళ్లిద్దరి చుట్టూ అడుగులో అడుగేసుకుంటూ తిరిగాడు. రమణి మానిటరుకి దగ్గరగా జరిగింది. తను కోరుకున్న సినిమా అదే.

యంత్రం నోటి దగ్గరికి రాగానే కనక ఆగింది. "పండ్లు ఇరుక్కున్నప్పుడు సెయ్యెడితే ఏటవుద్దో నాను సెప్పను. ఒరే ఫల్గుణా, ఇలాగ రా!"

కాటా దగ్గరి మనిషి తలెత్తాడు. అక్కడున్నవాళ్లంతా అతని వైపు తిరిగారు. అతను తువ్వాలు చుట్టిన చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. గోపి కెమెరా అటు తిప్పబోయాడు.

"కట్" అంది రమణి. "కెమెరా దించు."

ఆమె నడుచుకుంటూ ఫల్గుణ దగ్గరికి వెళ్లింది. "అన్నా, అక్క తొందరపడి పిలిచింది. నీకిష్టం లేకపోతే వద్దు. నీ బొమ్మ ఒక్కటి కూడా తియ్యం."

ఫల్గుణ ఆమెను కాసేపు పరకాయించి చూశాడు. "నువ్వు బుధు కూతురివి కదేటి?"

"అవునన్నా."

"మరి కెమెరా ఎందుకు దించీసినావు? ఎత్తమను."

యంత్రం పక్కకొచ్చి నిలబడి, అతనే తువ్వాలు విప్పాడు. బొటనవేలు ఒక్కటే మిగిలిన చెయ్యి. గంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బయపడకమ్మా, సూడు" అన్నాడు ఫల్గుణ. "ఆ రోజు వాన. తడిపండ్లు నోటికాడ ఇరుక్కుపోనాయి. యంత్రం ఆపితే మళ్లీ తిప్పడానికి ఆలీసెమవుద్దని సేత్తో తోసినాను. రెప్పపాటు. అంతే. నాకు పని రాక కాదు, ఈ కేంద్రంలో నాకన్నా బాగా యంత్రం నడిపినోడు లేడు. ఇప్పుడు ఎడంసేత్తో అన్నం తింతన్నాను. నలుగుర్లో కూకుని తిని ఏడాదైంది. ముందు యంత్రం ఆపు. ఆగితే కొంపేటీ మునిగిపోదు. తరవాత కర్రతో తొయ్యి. యజమాని అరిచినా, నాను అరిచినా సరే, ముందు ఆపు."

రమణి "కట్" చెప్పడం మర్చిపోయింది.

ఎడిటింగ్ అయ్యాక జయశ్రీ ఫిల్ము మొదట్నుంచీ చివరిదాకా చూసింది. "ఆ చెయ్యి చూపించడానికి క్లయింటు ఒప్పుకోరు" అంది. లేస్తూ, "అయినా తీసెయ్యకు. ఇలాగే చూపించు" అంది.

ఆమె అన్నట్టే అయింది. రివ్యూ మీటింగుకి మోహన్‌కృష్ణతో పాటు హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫిల్ము బాగుందన్నాడు, కనకను మెచ్చుకున్నాడు. "ఆ చెయ్యి మాత్రం వద్దు. ప్రమాదం గురించి బొమ్మలతో చూపించండి" అన్నాడు.

"అతన్ని అడిగి చెబుతాను సార్" అంది రమణి.

మర్నాడే ల్యాప్‌టాప్ పట్టుకుని కొండెక్కింది. ఫల్గుణ తనని తాను తెరమీద చూసుకున్నాడు. మాట్లాడింది తనేనా అన్నట్టు రెండోసారి వేయించుకున్నాడు. రమణి జరిగింది దాచకుండా చెప్పింది.

"ఆల కంపెనీ పేరు తీసీమను, కావాలంటే" అన్నాడు ఫల్గుణ. "సెయ్యి నాది. అది ఉండాలో వద్దో సెప్పడానికి ఆలెవులు? ఉంచు."

రెండో మీటింగులో రమణి ఆ మాటే చెప్పింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అది చూసి కొత్తవాళ్లు భయపడి పనికి రాకపోతే?" అన్నాడు.

"యంత్రమంటే భయపడాలి సార్. ఫల్గుణన్న అంత పనిమంతుడు. ఒక్క రోజు భయం మర్చిపోయాడు."

అప్పుడు మోహన్‌కృష్ణ అందుకున్నాడు. "ఆ రోజు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే సార్. దారంతా నా ఒళ్లో పడుకున్నాడు. ఆ చెయ్యి ఉండాల్సిందే. ఇంకో మాట కూడా ఉంది. ఫిల్ములో యంత్రం నోటికి ఇనపజాలీ లేదు. బెల్టుకీ లేదు. జాగ్రత్తలు మనుషులకి చెప్పి మన పని మనం మానేస్తే, ఆ ఫిల్ము మనల్నే వేలెత్తి చూపిస్తుంది. ముందు అన్ని కేంద్రాల్లో జాలీలు బిగిద్దాం. ఫిల్ము ఆ తర్వాతే విడుదల చేద్దాం."

అటునుంచి జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా కాఫీ సీజను అయిపోయింది, అడవిలో చింతపండు కోతలు కూడా అయిపోయాయి. రమణి వేరే పనుల్లో పడింది గాని, ఫోను మోగినప్పుడల్లా కంపెనీ వాళ్లేనేమోనని పరిగెత్తేది. చివరికి వేసవిలో కబురొచ్చింది: జాలీలు బిగిస్తున్నారు, చెయ్యి ఉంటుంది.

జాలీ బిగించిన యంత్రాన్ని మళ్లీ షూట్ చేశారు. కొండ మీది తెగలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలో అదే ఫిల్ముకి మాటలు చెప్పించడానికి కనకను విశాఖపట్నం పిలిపించారు. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, అద్దాల గదిలో తన గొంతు తనే విని ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

మళ్లీ నవంబరు వచ్చింది. సీజను మొదటి రోజు, ఫల్గుణ పనిచేసే ముంచింగిపుట్టు దగ్గరి కేంద్రంలో తెల్లగుడ్డ కట్టి ఫిల్ము వేశారు. కొత్తగా చేరినవాళ్లంతా నేలమీద కూర్చున్నారు. రమణి అందరికన్నా వెనక, బస్తాల మీద కూర్చుంది. కనక తిట్లకి జనం గొల్లుమని నవ్వారు. ఫల్గుణ తెరమీదికి రాగానే చప్పుడు ఆగిపోయింది. ఎవరో పసిబిడ్డ ఏడిస్తే తల్లి గబుక్కున రొమ్మిచ్చింది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఫిల్ము అయిపోయింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. లేచి తిన్నగా ఫల్గుణ చుట్టూ మూగారు. కర్ర ఎంత పొడుగుండాలి, జాలీ ఊడితే ఏం చెయ్యాలి, కరెంటు పోయి వస్తే యంత్రం తనంతట తనే తిరుగుతుందా? ఒకరి మీద ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఫల్గుణ యంత్రం దగ్గరికి నడిపించి, రెండు చేతులతోనూ చూపిస్తూ జవాబులు చెప్పాడు. సీలేరు వైపు కేంద్రాల్లో కూడా వచ్చి నేర్పాలని మోహన్‌కృష్ణ అక్కడే అడిగాడు. "వత్తాను గానీ, జీపులో ముందు సీటేనా?" అన్నాడు ఫల్గుణ. అందరూ నవ్వారు.

సాయంత్రం రమణి ఇంటికి చేరేసరికి బుధు పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఒంట్లో నలతగా ఉండి అతను వెళ్లలేకపోయాడు.

"ఏటన్నారే నీ సినిమా సూసి?"

"ఏమీ అనలేదు నాన్నా. అందరూ ఫల్గుణన్న దగ్గరికే పరిగెత్తారు. తీసిందెవరని ఒక్కరూ అడగలేదు."

చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వెలిగిపోతూనే ఉంది. బుధు కూతుర్ని అలా చూస్తూ కూర్చుని, "అలాగైతే బాగా తీసినావన్నమాట" అని ఆమె ముందుకి అంబలి గిన్నె జరిపాడు.