గెడనొప్పి

సీమోను గెడ కొసను ఎడమ రొమ్ము మీద నుంచి తీసి కుడివైపు ఆనించుకున్నాడు. నొప్పి మాత్రం ఎడమవైపే ఉండిపోయింది.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరికి వెళ్ళే ధాన్యం పడవ. పైగా ఎదురుగాలి. కాలవ అడుగున వెదురు గెడ గుచ్చి, రెండో కొస రొమ్ముకి ఆనించి, పడవ అంచు మీద ముందు నుంచి వెనక్కి తోసుకుంటూ నడవాలి. మళ్ళీ ముందుకొచ్చి మళ్ళీ గుచ్చాలి. గెడ నడిస్తేనే పూట గడిచే బతుకు. సెంటు భూమి లేని సీమోనుకి కాసిన కాయ ఒక్కటే, రొమ్ము మీద రేగుపండంత. గెడవాళ్ళలో ఎవరికి రొమ్ము నొచ్చినా దాని పేరు గెడనొప్పి. మందు ఉప్పు కాపడం.

"తగ్గిందా బావా?" అన్నాడు రెండో అంచున గెడ వేస్తున్న పాపారావు.

"రొమ్ము మీద బస్తా పెట్టినట్టుందిరా. చెయ్యి చిటికెనవేలి దాకా లాగుతోంది."

"కాయ కాసినోడివి, నీకూ గెడనొప్పేనా! కొత్త పెళ్ళికూతురి సుకుమారం వచ్చేసిందే!"

సీమోను భార్య హన్నమ్మకి వంటా కాపురమూ ఆ పడవలోనే. మూకుట్లో ఉప్పు వేయించి మూట కట్టింది. రొమ్ముకి అద్దబోతే చెయ్యి జారింది. ఒళ్ళంతా చెమట, ముట్టుకుంటే చల్లన.

"ఇంత గాలిలో ఈ చెమటేంటయ్యా? కాసేపు పడుకో."

"నేను పడుకుంటే పడవాయన గంగరాజుగారు ఊరుకుంటారా? మన గెడవాడు ఏలీయా నొప్పని దిగాడు. మళ్ళీ ఎక్కనిచ్చారా?"

హన్నమ్మ మూట మళ్ళీ వేడి చేసింది.

ఏలూరు లాకు దగ్గర, కాలవకి అడ్డంగా ఉన్న తలుపులు తెరిచేదాకా పడవ ఆగింది. సీమోను చద్దన్నం ముందు పెట్టుకుని ఉల్లిపాయ ఒక్క ముక్క కొరికాడు. "కడుపులో తిప్పుతోందే" అని, బస్తాకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"లే బావా, తలుపులు తీశారు!" అంటూ పాపారావు కాలవనీళ్ళు చిలకరించాడు. సీమోను మొహం తుడుచుకోలేదు.

పాపారావు పరుగెత్తి వంతెన అవతలి డాక్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన చెయ్యి పట్టి చూసి, మెల్లగా దించేశారు. చుట్టూ మూగిన పడవవాళ్ళ మధ్యే అడిగారు.

"చెయ్యి లాగిందన్నాడా?"

"అన్నాడండి" అని చెప్పాడు పాపారావు.

"చల్లటి చెమట పట్టిందా? కడుపులో తిప్పిందా?"

"అన్నీ అయ్యాయండి. గెడ కుడివైపుకి మార్చుకున్నా నొప్పి ఎడమవైపే ఉండిపోయిందండి. గెడనొప్పి అనుకున్నామండి" అంది హన్నమ్మ.

"వైపు మార్చినా మారని నొప్పి గెడది కాదమ్మా, గుండెది. కదలనివ్వకుండా పడుకోబెట్టి డాక్టరుకి కబురు చెయ్యాల్సింది."

గట్టు మీది గెడవాళ్ళ చేతులు ఎవరి రొమ్ముల మీదికి వాళ్ళవి వెళ్ళాయి.

"పడుకోబెడితే బతికేవాడాండి?"

"చెప్పలేనమ్మా."

వెనక పడవలవాళ్ళు దారి కోసం కేకలు వేస్తున్నారు. సీమోనుని గట్టుకి చేర్చారు. పడవలో, చద్దన్నం పక్కన, ఒక్కవైపే పంటిగాట్లు పడిన ఉల్లిపాయ.