మూడు చేతుల తూకం

బస్సు ఈపాటికి ముద్దనూరు దాటి ఉంటుంది, దాటితే ఇంకొక గంట, టైరు పోతే రెండు గంటలు, టైరు పోవాలని తాను కోరుకుంటున్నాడా అని గోవిందరాజులు తనను తానే అడిగి, కోరికకూ టైరుకూ సంబంధం లేదని తనకే గుర్తుచేసుకొని, పులివెందుల ఊరి బయటి రేకుల షెడ్డులో వరుసగా వేయించిన పన్నెండు బల్లలను మరొకసారి చూశాడు, జమ్మలమడుగు వడ్రంగి చేసిన బల్లలు, ఒక్కొక్క దాని ముందు ఒక్కొక్క ఆడమనిషి, ఒక్కొక్కరి పక్కన రెండు గంపలు, కుడి గంపకు కంపెనీ అమ్మే బరువైన ముగ్గురాయి, ఎడమ గంపకు దాన్నే పోలి తేలికగా ఉండే పనికిరాని పలుగురాయి, షెడ్డు చివర తన త్రాసు, పక్కన నీళ్ళతొట్టి, అనుమానమున్న రాయిని తెస్తే గాలిలో, నీటిలో తూచి ఏది ఏదో తాను తేల్చి చెబుతాడు, ఇందులో పొరపాటుకు చోటెక్కడ, అయినా తొమ్మిది రోజులుగా ఏరిన రాయి సగానికి పడిపోయింది, ఈ బస్సులో వస్తున్న యజమాని రామకృష్ణయ్య ప్రొద్దుటూరునుంచి రాసిన కార్డు చొక్కా జేబులో ఉంది, ఆ ముసలి జానీబీని పంపించెయ్యప్పా, తక్కినోళ్ళు దావకొస్తారు, నేనొచ్చేసరికి ఆయమ్మ ఆడ ఉండకూడదు.

ఉంది, చివరి బల్ల దగ్గర ఇంకా ఉంది, పందొమ్మిదేళ్ళుగా ఈ రాళ్ళు ఏరేవాళ్ళకు పెద్దగా ఉన్న మనిషి, నెరిసిన తల మీద చెంగు బిగించి, అరచేతిలో రాయిని రెండుసార్లు ఆడించి గంపలో వేస్తుంది, గోవిందరాజులుకు మొదట చికాకు పుట్టించింది ఆ ఆడింపే, మద్రాసు రంగుల కంపెనీ పలుగు కలిసిందని వ్యాగను రాయిని తిప్పి పంపినప్పుడు, చేతి అంచనాతో వ్యాపారం చేస్తే ఇంతేనని యజమానితో అన్నది తానే, పద్ధతిగా మారుద్దామన్నదీ తానే, రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు తరలిన మరుసటి ఏడు అది, అంత ప్రభుత్వమే చోటు మారగా పన్నెండుమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చోవడం మాని వరుసలో కూర్చోలేరా అనుకొని, నాలుగు ఆదివారాలు పట్టి పదకొండు పేజీల ప్రణాళిక రాశాడు, మొదట చెప్పడం, తరువాత నేర్పడం, ఆపైన బల్లలు, చివర సమీక్ష, మాటలు రద్దు, ఒకరి రాయిని మరొకరు ముట్టడం రద్దు, నేర్పిన రోజున ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, మాట్లాడకుండా కూచునేదానికి మాకన్నా ఆ రాళ్ళే మేలు కద సారూ, కూలి కూడా వాటికే ఇయ్యి అంది, అందరూ నవ్వారు, జానీబీ నవ్వలేదు, బడిపిల్లోళ్ళ మాదిరి కూచోబెడ్తివి, సరే, పన్నెండుమందికీ అయ్యోరు మటుకు ఒక్కడే ఉండాడే అంది, దాన్ని అతడు వెక్కిరింతగా తీసుకున్నాడు, మరునాడు త్రాసు కొయ్యకు నిమ్మకాయ కట్టి ఉంది, ఓబులమ్మ పనే అయి ఉంటుంది, త్రాసుకు దిష్టి ఏమిటని విప్పి పారేసి, నమ్మకానికీ రుజువుకూ ఉన్న తేడా గురించి పావుగంట చెప్పాడు, శానా బాగ చెప్పినావు సారూ అన్నారు, గంపలు మాత్రం నిండలేదు.

కావాలనే నిదానిస్తున్నారని మూడో రోజే తేల్చుకున్నాడు, యజమానికి అదే రాశాడు, ఈ కార్డు దానికి జవాబు, ఇక జానీబీతో చెప్పాలి, చెబుదామని లేవబోతే లేవడానికి వీల్లేదు, త్రాసు ముందు ఏడుగురు రాళ్ళు పట్టుకొని నిలబడి ఉన్నారు, వాళ్ళ బల్లలు ఖాళీ, ఒకటి తూచాడు, రాసుకున్నాడు, ఇంకొకటి తూచాడు, నాలుగో దాన్ని నీటిలో ముంచుతూ తలెత్తితే, మూడో బల్ల దగ్గర అఖ్తర్ బీ ఒక రాయిని అరచేతిలో ఆడించి, అనుమానపడి, తల తిప్పకుండానే కుడి పక్కకు చెయ్యి చాచింది, అక్కడ బల్లల మధ్య ఖాళీ తప్ప ఎవరూ లేరు, చెయ్యి వెనక్కు తీసుకొని, లేచి, వచ్చి వరుస చివర నిలబడింది.

ఆ చాచిన చెయ్యిని తాను ఇంతకు ముందూ చూశాడు, గుండ్రంగా కూర్చున్న రోజుల్లో పూటకు వందసార్లు చూశాడు, రాయి ఒకరినుంచి ఒకరికి పోతూ ఉంటే పొద్దుపుచ్చే ఆట అనుకున్నాడు, ప్రణాళిక రెండో పేజీలో వృథా కదలికలు అని రాసింది దాన్నే, త్రాసు వదిలి చివరి బల్లకు నడిచాడు, జానీబీ, ముందు మీరు రాయిని పక్కమనిషికి ఎందుకిచ్చేవాళ్ళు అన్నాడు, ఆమె తలెత్తింది, ఇప్పుడన్నా అడిగితివి, నాకు అనుమానమొస్తే పక్కదానికిస్తా, అది చూసి ఆ పక్కదానికిస్తాది, ముగ్గురిట్లో ఇద్దరు ఏదంటే అదే, చెయ్యి పొద్దున ఒక మాదిరి ఉంటాది, మాపటికి అలిసిపోయి ఇంకో మాదిరి ఉంటాది, ఒక్క చేతిని నమ్మితే ఎట్ల సారూ, గోవిందరాజులు నోటుపుస్తకంలోనూ ప్రతి రాయికీ మూడు తూకాలు ఉన్నాయి, ఒక్క తూకాన్ని నమ్మరాదని మద్రాసు కాలేజీలో నేర్పారు, మరి ఆ వ్యాగనులో పలుగు ఎట్లా కలిసింది అన్నాడు, అది మా చేతుల మీద పోలేదప్పా, వేముల గని కాడినుంచే లారీలోళ్ళు నేరుగా స్టేషనుకు ఎత్తుకపోయినారు, ఆ పొద్దంతా మేం ఈడ ఊరికే కూచోనుంటిమి, మమ్మల్ని అడిగినోళ్ళు యాడుండారు.

ఆ లారీలు, అవును, ఆ రోజు వ్యాగను తప్పిపోతుందని లారీలను గనినుంచి నేరుగా పొమ్మని చీటీ రాసింది ఎవరు, సంతకం తనదే, జి. గోవిందరాజులు, మేనేజరు, ఆ సంగతి యజమానికి చెబితే తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, చెప్పకపోతే ఈమెది ఊడటం మాత్రం ఖాయం, బల్లలు గోడకు జరపండమ్మా, ముందటి మాదిరే గుండ్రంగా కూర్చోండి, త్రాసు మీ నడుమ పెడతాను, మూడు చేతులకూ తెగని రాయి ఒక్కటే నాకివ్వండి అన్నాడు, మాట్లాడొచ్చునా సారూ అంది ఓబులమ్మ, మాట్లాడండి అన్నాడు, యజమానితో ఏం చెబుతాండావప్పా అంది జానీబీ, జరిగింది చెబుతాను, నువ్వు ఇక్కడే కూర్చో అన్నాడు, ఊళ్ళోకి మళ్ళే మలుపులో బస్సు హారను వినిపించింది, టైరు పోలేదు, రాయి ఒకటి అప్పుడే మూడో చేతికి చేరింది, దాన్ని చూస్తూ గోవిందరాజులు, నిమ్మకాయకు రుజువేదని అడిగాను, నా పదకొండు పేజీలకు రుజువేదని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు అనుకున్నాడు.