కడతామన్నవాళ్ళు

జూన్ మూడో తారీఖు పొద్దున్న ఫోన్లు కాస్త తెరిపిచ్చాక సుధామణి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఆమె విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో టెలిఫోన్ ఆపరేటర్. బందరు దగ్గర చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. ఇప్పుడు ముప్పై నాలుగు. పటమటలో లేడీస్ హాస్టల్లో ఉంటోంది.

ఇయర్‌ఫోన్లో 'ఆలకింపు' యాప్ ఒక పోస్టు చదివింది. దాన్ని రాసింది ఆ యాప్ తయారు చేసిన కిరీటే.

"లోగిలి కంపెనీ బయటివాళ్ళు చేసిన యాపులన్నిటికీ ఫీజు పెట్టింది. జూలై ఒకటికి కట్టకపోతే మనది ఆగిపోతుంది. అంత డబ్బు నా దగ్గర లేదు. నెలకి నూట యాభై చొప్పున మూడు వేలమంది కడితే నిలబడుతుంది. మీరు కడతారా? మొహమాటం లేకుండా చెప్పండి."

లోగిలి అంటే జనం గుంపులుగా చేరి రాసుకునే చోటు. కంపెనీకి సొంత యాప్ ఉంది గాని, చూపు లేనివాళ్ళకి అది పనికిరాదు. ఎక్కడ వేలు పెట్టినా ఫోను "బటన్, బటన్" అంటుంది తప్ప ఏ బటనో చెప్పదు. తెలుగు రాత కనిపిస్తే అసలు నోరే విప్పదు. నాలుగేళ్ళ కిందట కిరీటి ఇంజినీరింగ్ చదువుతూ, లోగిలిలోని రాతల్ని తెలుగులో చదివి వినిపించే యాప్ ఒకటి కాలేజీ ప్రాజెక్టుగా చేశాడు. మార్కులు వచ్చాక అతను మర్చిపోయేవాడే. కానీ చూపు లేనివాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని వచ్చి చేరారు. ఇప్పుడు తొమ్మిది వేలమంది ఉన్నారు.

సుధామణి ఆ లోగిలిలో 'చుక్కాని' అనే గుంపు నడుపుతోంది. కొత్తగా చూపు తగ్గుతున్నవాళ్ళ కోసం పెట్టింది. మూడు వందల మంది ఉన్నారు. సగానికి పైగా మారుపేర్లతోనే రాస్తారు. వాళ్ళలో ఒకతను 'కత్తెర'.

కత్తెర ఫిబ్రవరిలో వచ్చాడు. అతని మొదటి మాట ఇదీ: "ఇవాళ జాకెట్టుకి హుక్కులు తిరగేసి కుట్టానండి. ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు. చుట్టూ నుంచి చూపు మూసుకొస్తోంది. ఇంట్లో చెప్పలేదు." అప్పట్నుంచి రోజూ సాయంత్రం సుధామణికి రాసేవాడు. మాటల్లో ఒకసారి "మా మైలవరంలో" అన్నాడు. అంతకు మించి ఊరూ పేరూ చెప్పలేదు. మే నెలాఖరున ఒక రోజు, "బుడమేరు వాగు దాకా వెళ్ళొచ్చానండి. నీళ్ళు లేవు. వచ్చేశాను" అని రాశాడు.

సుధామణి ఆ ముక్క నాలుగుసార్లు విన్నది. ఆ రోజు నుంచి అతను జవాబు ఇవ్వడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె ఫోన్ చేతిలోంచి దించట్లేదు. ఫోన్ నంబరు అడిగితే ఇవ్వలేదు.

"నంబరిస్తే పేరు తెలుస్తుందండి. పేరు తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. ఈ గుంపొక్కటే నాకు. దీన్నిలా ఉండనివ్వండి."

కిరీటి ప్రశ్నకి రెండు రోజుల్లో ఏడు వేలమంది "కడతాం" అని నొక్కారు. "నూట యాభై ఏమిటి, మూడొందలైనా కడతాం" అని రాశారు. సుధామణి ఆ రాత్రి కడుపునిండా తిన్నది. ఆమెతో గదిలో ఉండే డయానా స్టాఫ్ నర్సు. "చూశావా సుధక్కా, అనవసరంగా బెంగపెట్టుకున్నావు" అన్నది.

పదో తారీఖున కిరీటి డబ్బు కట్టే బటన్ పెట్టాడు. పదిహేనుకి నాలుగు వందల పన్నెండు మంది కట్టారు. ఇరవైకి నాలుగు వందల అరవై.

సుధామణి తన దగ్గర నంబర్లున్న వాళ్ళందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. డ్యూటీ అవగానే హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి చేసేది. రేపు కడతామన్నవాళ్ళున్నారు. అబ్బాయి వచ్చాక కట్టిస్తామన్నవాళ్ళున్నారు. ఇలాంటిది ఇంకోటి ఫ్రీగా వస్తుందిలే అన్నవాళ్ళున్నారు. ఉయ్యూరులో రామకోటేశ్వరరావు అనే రిటైరైన మాస్టారు గుంపులో పెద్దమనిషి. "కడతాం" అని అందరికంటే ముందు నొక్కింది ఆయనే.

"మాస్టారూ, మీరింకా కట్టలేదు" అన్నది సుధామణి.

"కట్టలేదమ్మా."

"మీకు నూట యాభై ఓ లెక్క కాదు కదండీ."

"లెక్క కాదు. కానీ ఎందుకు కట్టాలో చెప్పు. ఆ పిల్లాడికైతే ఇస్తాను. ఈ డబ్బు వాడికి పోదు, ఆ కంపెనీకి పోతుంది. మనకి కళ్ళు లేవని తెలిసీ వాళ్ళ యాప్ బాగు చెయ్యని కంపెనీకి మనం ఎదురు డబ్బు కట్టాలా? ఇవాళ నూట యాభై అంటాడు, ఆరు నెలలకి ఐదొందలంటాడు. అప్పుడేం చేస్తావ్?"

"మరి కడతామని ఎందుకు నొక్కారండీ?"

"ఆ పిల్లాడి మాట వింటే బాధేసింది. నొక్కాను. నొక్కడానికేం పోయింది?" అన్నాడు చిన్న గొంతుతో.

సుధామణికి కోపం రాలేదు. ఆయనన్నదాంట్లో తప్పు దొరకలేదు. అందుకే ఏడుపొచ్చింది.

ఇరవై నాలుగున డయానాని తోడు తీసుకుని కిరీటి దగ్గరికి వెళ్ళింది. బెంజ్ సర్కిల్ వెనక సందులో మూడో అంతస్తు మీద ఒక్క గది. ఫ్యాను కిరకిరమంటోంది. అంతదాకా పోస్టుల్లో తప్ప అతని మాట ఎరగని సుధామణికి ఆ గొంతు మరీ చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"రండి మేడమ్. కుర్చీ మీకు ఎడమ పక్కనే ఉంది. ఎంతమంది అయ్యారో చెప్పనా? ఐదు వందల ముగ్గురు. అందులో ఇరవైమంది మీరే."

సుధామణి ఎడమ చెయ్యి చాచి కుర్చీ వెతుక్కుంది. డయానా ఉలిక్కిపడి, "అదేంటక్కా?" అన్నది.

"ఒకే అకౌంటు నుంచి ఇరవైసార్లు కట్టారు. బ్యాంకు మీ పేరు చూపించింది. ఆ డబ్బు రేపు వెనక్కి పంపించేస్తాను" అన్నాడు కిరీటి. "మీ ఒక్కరిదే కాదు, అందరిదీ. కంపెనీవాళ్ళని ఇంకో మూడు నెలలు గడువడిగాను. చూపు లేనివాళ్ళకని రాశాను. జవాబు లేదు. ఉద్యోగం మానేసి ఏడాది నుంచి దీని మీదే ఉన్నాను మేడమ్. ఏడు వేలమంది కడతామంటే మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, చూడు నాన్నా అని. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తడానికి భయంగా ఉంది."

ఇంకేమీ తోచక సుధామణి తను వచ్చిన పని చెప్పింది. కత్తెర సంగతంతా చెప్పి, "అతని మెయిలో, నంబరో మీ దగ్గర ఉంటుంది కదండీ. నాకివ్వండి. ఎవరికీ చెప్పను. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నది.

"నా దగ్గర లేదు మేడమ్."

"ఉండకుండా ఎట్లా ఉంటుందండీ?"

"ఎవరి వివరాలూ దాచనని మొదటి రోజే మాటిచ్చాను. నిజంగానే దాచలేదు. అదే గొప్పగా చెప్పుకునేవాణ్ణి." కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. "ఉంటే ఇచ్చేసేవాణ్ణేమో. కానీ లేదు."

కంపెనీ అమెరికాలో ఉంది. అక్కడ జూలై ఒకటి మొదలయ్యేసరికి మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. అప్పుడు ఆగిపోతుందని కిరీటి అందరికీ రాశాడు. ఆ వారమంతా సుధామణి గుంపులో నంబర్లు పోగుచేసింది. పాతవాటితో కలిపి అరవై ఎనిమిది మందివి చేరాయి. కత్తెర ఇవ్వలేదు. ముప్పయ్యో తారీఖు సాయంత్రం అతను రాశాడు: "ఇన్నాళ్ళూ విన్నారు. చాలండి. మీరు దిగులు పడకండి."

మర్నాడు సుధామణి సెలవు పెట్టింది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన డయానా నిద్ర మానుకుని బయల్దేరింది. బస్సులో కూర్చుని సుధామణి అతనికి రాసింది: "మైలవరం వస్తున్నాను."

జవాబు వెంటనే వచ్చింది. "రావద్దండి." మళ్ళీ ఎన్నిసార్లు రాసినా పలకలేదు.

"ఊళ్ళో టైలర్లు ఎంతమంది ఉంటారో! చూపు తగ్గిన టైలరెవరని అడుగుదామా?" అన్నది డయానా.

"వద్దు. అట్లా అడిగామంటే నేనే అతన్ని బజార్లో పెట్టినట్టు. అతనికి నా పేరు తెలుసు. నా పేరే చెబుదాం. కావాలనుకుంటే పలుకుతాడు."

బస్టాండ్ దగ్గర మొదలుపెట్టారు. ప్రతి టైలర్ షాపు ముందూ సుధామణి నిలబడి, గొంతు పెంచి, "నా పేరు సుధామణి అండీ. విజయవాడ నుంచి వచ్చాను. జాకెట్టు కుట్టాలి" అనేది. విజయవాడలో టైలర్లు లేరా అని ఒకతను నవ్వాడు. ఇంకొకావిడ జాలిపడి మంచినీళ్ళిచ్చింది. ఎండకి డయానా తూలుతోంది. తొమ్మిదో షాపు దగ్గర సుధామణి ఫోన్ తీసి, "పలకండి, మీ వీధిలోనే ఉన్నానేమో" అని రాసి పంపబోయింది. "కనెక్షన్ కుదరలేదు" అన్నది యాప్ గొంతు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. పన్నెండు ముప్పై రెండయింది.

ఆమె రోడ్డు పక్కనే కూలబడిపోయింది. "అయిపోయింది డయానా. ఇంకెక్కడ వెతకను?"

"ఈ సందులో ఇంకో బోర్డుంది. లే అక్కా" అంటూ డయానా ఆమె రెక్క పట్టుకుని లేపింది.

ఆ షాపులో ఒకే మిషన్ నడుస్తోంది, ఆగి ఆగి. సుధామణికి గొంతు పెంచే ఓపిక లేదు. మెల్లగానే చెప్పింది. "నా పేరు సుధామణి అండీ..."

మిషన్ ఆగింది.

"జాకెట్లు తీసుకోవట్లేదమ్మా. ఆయనకి ఒంట్లో బాగుండట్లేదు. పాతవే ఇంకా ఇవ్వలా" అన్నది ఒక ఆడగొంతు.

మిషన్ దగ్గర మగమనిషి ఊపిరి తీసుకోవడం సుధామణికి వినిపిస్తోంది. ఎంతసేపు ఎదురుచూడాలో ఆమెకి తెలియలేదు. చివరికి అతను, "ఇంత ఎండలో రావద్దన్నాను కదండీ" అన్నాడు.

సుధామణి ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు. ఏం జరుగుతోందో అర్థంకాని ఆ ఇల్లాలు, రామతులసి, ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

"ఎవరయ్యా ఈవిడ?"

"చెబుతా. తులసీ, నాకు చూపు పోతోంది. నడిమధ్యన గుప్పెడంత మిగిలింది. ఎనిమిది నెలలయింది."

రామతులసి చేతిలోంచి ఏదో కింద పడింది. "ఎనిమిది నెలలా? ఈవిడకి ఎప్పట్నుంచి తెలుసు?"

"ఫిబ్రవరి నుంచి."

"ఊరుకాని ఊళ్ళో, మొహం తెలియని మనిషికి చెప్పుకున్నావ్. పక్కలో ఉన్నదానికి చెప్పలా! జాకెట్లు పాడుచేస్తున్నావని, ఒళ్ళు దగ్గర పెట్టుకోవట్లేదని ఇన్నాళ్ళూ నేను తిడుతూనే ఉన్నాను కదా. తిట్టించుకున్నావా?" ఆమె అతని భుజం మీద కొట్టింది, రెండు చేతులతో, ఆగకుండా. అతను కొట్టించుకున్నాడు. డయానా అడ్డం వెళ్ళబోతే సుధామణి చెయ్యి పట్టి ఆపింది.

అలిసిపోయాక రామతులసి నేల మీద కూర్చుంది. చాలాసేపటికి, "నీకు బొత్తిగా కనపడదా అమ్మా?" అని అడిగింది.

"కనపడదండీ."

"మరి ఇంత దూరం ఎట్లా వచ్చావు?"

"బస్సులోనండీ. ఈ పిల్ల తోడొచ్చింది."

"భోంచేశారా?"

"లేదండీ."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు వినిపించింది. లక్ష్మీకాంత్ అప్పుడు తన పేరు చెప్పాడు.

తర్వాతి సోమవారం రామతులసి అతన్ని విజయవాడ తీసుకొచ్చింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేమని కంటి డాక్టరు చెప్పాడు. బయట బెంచీ మీద అతన్ని కూర్చోబెట్టి రామతులసి సుధామణిని పక్కకి పిలిచి, "రాత్రిళ్ళు నేను మెలకువగానే ఉంటున్నా. తలుపుకి తాళం వేసి తాళంచెవి నా తలకింద పెట్టుకుంటున్నా. ఎన్నాళ్ళు ఇట్లా?" అని అడిగింది. రోజూ పొద్దున్న ఏడింటికి ఫోన్ చేస్తానని సుధామణి చెప్పింది. చేస్తూనే ఉంది. లక్ష్మీకాంత్ ఒక్కో రోజు మాట్లాడతాడు, ఒక్కో రోజు మాట్లాడడు.

కిరీటి అందరి డబ్బూ వెనక్కిచ్చి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. లోగిలి కంపెనీ తన యాప్‌ని త్వరలో బాగుచేస్తామని ఒక ప్రకటన వేసింది. ఇంతవరకూ చెయ్యలేదు.

చుక్కానిలో మిగిలిన రెండు వందల ముప్పైమంది ఏమయ్యారో తెలియదు. వాళ్ళలో అవనిగడ్డ వైపు నుంచి 'వెన్నెల' అని ఒకావిడ రాసేది. ఆఖరి వారంలో ఆవిడ గుంపులోకి రాలేదు. ఆవిడ అసలు పేరేమిటో, ఏం పని చేస్తుందో సుధామణి ఎప్పుడూ అడగలేదు. పోయిన ఆదివారం డయానాని తీసుకుని అవనిగడ్డ వెళ్ళింది. బస్టాండులో ఎవర్ని ఏమని అడగాలో తోచక, రెండు గంటలు కూర్చుని తిరిగొచ్చింది.