వరదా వారి ఇల్లు

వరదా అమ్మిరాజు ఇల్లు ఊరి మొత్తానికీ మెరక. గోదావరికి ఎంత పోటొచ్చినా ఆ గుమ్మందాకా నీళ్లు వచ్చిన పాపాన పోలేదు. ఆయన బావమరిది మెట్టా చిట్టియ్య ఇల్లు మాత్రం పల్లంలో ఉంది. గట్టి వాన కురిస్తే చాలు, చెప్పులు వీధిలోకి ఈదుకుంటూ పోతాయి. అయినా ఇంటి బీమాకి చిట్టియ్య కట్టేదానికి మూడింతలు అమ్మిరాజు కట్టాలట. కట్టకపోతే మేడ గదికి ఇచ్చే లోను ఆపేస్తామని బ్యాంకువాళ్లు భీష్మించుకు కూర్చున్నారు.

అమ్మిరాజుకి ఒళ్లు మండిపోయి, ఏజెంటు గణేష్‌బాబుని నిలదీశాడు.

“కట్టనని నేనన్నానా? ఎందుకు కట్టాలో చెప్పి తీసుకోమనవయ్యా!”

“రేటు కంప్యూటర్ వేస్తుందండి. ఎలా వేస్తుందో మాక్కూడా చెప్పరండి. కంపెనీ రహస్యమండి.”

“నా ఇంటి సంగతి నాకే రహస్యమా?”

గణేష్‌బాబు ఎవరెవరికో ఫోన్లు చేసి చివరికి సంగతి రాబట్టాడు. ఇంటికేమైనా పేరు పెట్టుకున్నారా అని కంపెనీవాళ్లు ‘హౌస్ నేమ్’ అంటూ ఇంగ్లీషులో అడిగారు. గణేష్‌బాబు తెలుగువాడు కనుక ఇంటిపేరు చెప్పేశాడు. వరద అనే పేరు చూసి కంప్యూటర్ హడలిపోయింది. మెట్ట అనే పేరు చూసి చిట్టియ్యని చల్లగా చూసింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ కంపెనీ ఈ రెండూ ఎరగదు.

“అయితే దిద్దించు,” అన్నాడు అమ్మిరాజు.

“ఒకసారి ఎక్కింది దిగదండి. మీ ఆవిడగారి పుట్టింటి పేరు పెట్టి కొత్త పాలసీ రాద్దామండి. మెట్టావారింటికి ఇల్లరికం వెళ్లారనుకుంటారు.”

“పిల్లల పెళ్లిళ్లయ్యాక ఇల్లరికమా!” అంది అమ్మిరాజు భార్య లోవలక్ష్మి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. “మా తమ్ముడింట్లో ఎక్కడ పడుకుంటారండీ, నీళ్లలోనా?”

అమ్మిరాజుకి నవ్వు రాలేదు. వరాలిచ్చే వరదరాజస్వామి పేరు అది. తాతలనాటి ఇంటిపేరుని కంప్యూటర్‌కి జడిసి వదులుకోవడమా? వెళ్లి వినియోగదారుల కమిషన్‌లో కేసు పడేశాడు. రేటు శాస్త్రీయమనీ, లెక్క రహస్యమనీ, పేర్లతో తమకు పనే లేదనీ కంపెనీ ప్లీడరు జవాబు దాఖలు చేశాడు.

వాయిదా రోజున ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది. కమిషన్ హాలు సరిగ్గా ఏటిగట్టు కింద. అక్కడి బంట్రోతుకి ఇంటిపేరు పిలిచి ఊపిరి తీసుకునే అలవాటు. గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు.

“వరదా...!”

అంతే. బెంచీలు బోర్లాపడ్డాయి. జనం పంచెలూ చీరలూ ఎగ్గట్టి మేడమెట్ల మీద పడ్డారు. అందరికన్నా ముందు కంపెనీ ప్లీడరు ఉన్నాడు. సాక్ష్యానికొచ్చిన చిట్టియ్యకి ఇవన్నీ అలవాటే గనక చెప్పులు చంకలో పెట్టుకుని మరీ ఎక్కాడు. కమిషన్ అధ్యక్షురాలు బల్ల మీదికెక్కారు.

“...అమ్మిరాజూ!” అని ముగించాడు బంట్రోతు.

“ఉన్నానండీ,” అన్నాడు అమ్మిరాజు. కదలకుండా నిలబడింది ఆయనొక్కడే.

అధ్యక్షురాలు కిందికి దిగి కళ్లజోడు సర్దుకున్నారు. ప్లీడరుని మెట్లమీంచి పిలిపించారు.

“నీళ్లు చూశారా?”

“లేదండి.”

“మరెందుకు పరిగెత్తారు?”

“పేరు విన్నానండి...”

“రాసుకోండి,” అన్నారావిడ గుమాస్తాతో. “కంపెనీ తన లెక్క బయటపెట్టింది.”

ఇకమీదట పేరు చూసి కాదు, ఇల్లు చూసి రేటు వెయ్యాలనీ, ఎందుకంత వేశారో ఇంటివాళ్లకి తెలుగులో చెప్పాలనీ తీర్పిచ్చారు. అమ్మిరాజుకి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

తిరుగు బస్సులో ఉండగా లోవలక్ష్మి ఫోన్ చేసింది. తమ్ముడింట్లోకి నీళ్లొచ్చాయని, సామాను తమ ఇంటికి చేరుస్తున్నానని చెప్పింది. పక్క సీట్లో ఉన్న చిట్టియ్య కిటికీలోంచి వాన చూస్తూ అడిగాడు.

“బావా, ఇకనుంచి అందరిళ్లకీ నిజం రేటే వేస్తారా?”

“చెప్పి మరీ వేస్తారు రా!”

“అయితే ఇల్లరికం నేనే వచ్చేస్తాను,” అన్నాడు చిట్టియ్య. “వరదా చిట్టియ్య అని రాయించెయ్.”