గీతకు ముందు కాఫీ

ఆ బోర్డుల షాపులో పొద్దున్నే ఒక పద్ధతి ఉంది. పని మొదలయ్యే ముందు పెయింటర్లిద్దరూ గోడకు నిలబెట్టిన అద్దం మీద, చెయ్యి ఎక్కడా ఆనించకుండా, ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్న కుంచెతో ఒక్క గీత గీయాలి. ఎవరి గీత తిన్నగా వస్తే ఆ రోజు అక్షరాలు వాళ్ళవి. రెండోవాళ్ళు పాత బోర్డుల రంగు గీక్కోవాలి.

ఇద్దరూ తోడల్లుళ్ళు. షాపంతా వాళ్ళను పెద్దల్లుడు, చిన్నల్లుడు అనేది. మధ్యలో పిల్లాజెల్లా లేని ఓనరుగారు అనవసరంగా మామగారైపోయాడు.

భార్య పోయాక పెద్దల్లుడికి నిద్ర కూడా పోయింది. అన్నం సయించేది కాదు. షాపుకు రాగానే చిన్నల్లుడు చిక్కటి కాఫీ గ్లాసు నిండా పోసి చేతికిచ్చేవాడు. "తాగన్నయ్యా, చెయ్యి నిలబడుతుంది."

ఒకటి తాగాక ఇంకోటి పోసేవాడు. "తోడల్లుడంటే ఇలా ఉండాలి," అని ఓనరు మెచ్చుకునేవాడు. కాఫీ అయ్యాక గీత. పెద్దల్లుడి గీత చీమ నడిచినట్టు వచ్చేది. రాను రాను అతను కుంచె బరువే మర్చిపోయేలా ఉన్నాడు. చేతిలో ఎప్పుడూ గీకుడు రేకే.

ఒక ఆదివారం చిన్నల్లుడింటికి వెళ్తే మరదలు టీ ఇచ్చింది.

"ఇంట్లో కాఫీ లేదా అమ్మాయ్?"

"మా ఆయన కొననివ్వడుగా బావా. నిద్ర లేని మనిషి ఖాళీ కడుపున కాఫీ తాగితే చెయ్యి వణికి చస్తుందట. పెయింటరన్నవాడికి టీయే మేలంటాడు. మీకు చెప్పలేదా?"

"చెప్పాడు," అన్నాడు పెద్దల్లుడు. "నేనే వినలేదు."

ఆ టీ చివరి చుక్క దాకా తాగాడు. అంత చల్లగా, చిన్నల్లుడు తడిగుడ్డతో గొంతు కోశాడన్నమాట. అయినా మరదలు పంచదార అడిగి వేసిందని, గ్లాసు పట్టుకోవడానికి గుడ్డముక్క ఇచ్చిందని గమనించకుండా ఉండలేకపోయాడు. ఆమె మీద కోపం రాలేదు. ఉన్న కోపమంతా ఒక్కడి కోసం దాచాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో టీయే. మొదట నిద్ర వచ్చింది. నిద్ర వెంట ఆకలి వచ్చింది. ఆకలి వెంట చేతికి నిలకడ వచ్చింది. షాపులో మాత్రం ఆ కాఫీ గ్లాసు అందుకుని, చిన్నల్లుడు అటు తిరగ్గానే కుంచెలు కడిగే డబ్బాలో ఒంపేసేవాడు. గీత కావాలనే వంకర గీసేవాడు. తిన్నటి గీత కన్నా ఆ వంకరకే ఎక్కువ చెయ్యి నిలపాల్సి వచ్చేది.

అతను ఎదురుచూసిన రోజు రానే వచ్చింది. కొత్త ఆసుపత్రి ముఖద్వారం అద్దం మీద బంగారు రేకు అక్షరాలు. ఆ పని చేసినవాడే ఇకమీదట షాపుకు మేస్త్రీ అన్నాడు ఓనరు. ఆసుపత్రి వాళ్ళు వచ్చాకే గీత గీద్దామన్నాడు.

చిన్నల్లుడు యథాప్రకారం కాఫీ పట్టుకొచ్చాడు. పెద్దల్లుడు గ్లాసు తిప్పి అతని చేతిలోనే పెట్టాడు.

"ఏడాదిగా నాకు పోస్తున్నావు తమ్ముడూ. ఇవాళ నా చేత్తో నువ్వు తాగాలి."

"నాకెందుకన్నయ్యా?"

"చెయ్యి నిలబడుతుందన్నావుగా. నిలబడదా ఏం?"

"తాగవయ్యా, పెద్దవాడు అంత ప్రేమగా ఇస్తుంటే," అన్నాడు ఓనరు.

చిన్నల్లుడు తాగాడు. పెద్దల్లుడు రెండోది పోశాడు. మూడోది మరీ వేడిగా ఉందని ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి చల్లార్చి మరీ ఇచ్చాడు. ఇస్తూ అతను చూసిన చూపులోనే చిన్నల్లుడికి సంగతంతా అర్థమైంది. ఏమని అరుస్తాడు? మింగలేక, కక్కలేక మింగాడు.

ఆసుపత్రి వాళ్ళు రాగానే ముందు అతనే కుంచె పట్టాడు. కాఫీ కొంత, భయం కొంత. గీత అద్దం సగానికి రాకుండానే మెలికలు తిరిగింది.

పెద్దల్లుడు కుంచె తీసుకున్నాడు. అద్దం మీద దారం లాగి కట్టినట్టు గీత వచ్చింది. ఓనరు బంగారు రేకుల పొట్లం అతని చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున చిన్నల్లుడు ఫ్లాస్కుతో వచ్చాడు.

"మరదలు పంపిన టీయేనా? ఇటివ్వు," అన్నాడు పెద్దల్లుడు. "నీకు కాఫీ ఉంది."

"ఇక చాలన్నయ్యా. తప్పైంది."

"నీ ఇష్టం. ఎందుకొద్దో ఓనరుగారికి నువ్వే చెప్పు."

చిన్నల్లుడు ఆ కాఫీ తాగాడు. గీత గీసి, ఓడి, గీకుడు రేకు అందుకున్నాడు. గీకుతుంటే రేకు జారి వేలు తెగింది. పెద్దల్లుడు పని ఆపి లేచి వచ్చాడు. రంగు అంటని గుడ్డ వెతికి చింపి, నొప్పి కలగకుండా వేలికి చుట్టి, ముడి సరిగ్గా పడిందో లేదో చూశాడు.

ఆ తర్వాత ఆ చేతిలోనే ఇంకో గ్లాసు కాఫీ పెట్టాడు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు చిన్నల్లుడు.

"నాకు ఎన్నాళ్ళు పోశావు?" అని, పెద్దల్లుడు టీ చప్పరిస్తూ అద్దం వైపు నడిచాడు.