ఆ ఒక్క గది కప్పు

ల్యాబులో పరీక్ష యంత్రం కింద గుండ్రటి కాంక్రీటు ముక్క అంచులు రాల్చుకుంటూ, ఫట్‌మని పగిలింది. రైనర్ ఉలిక్కిపడలేదు. పెచ్చులు ఏరి, విరిగిన చోట వేలితో తడిమాడు. లోపలి ఇనుము తుప్పు పట్టి బెరడులా ఊడి వచ్చింది.

నలభై ఏళ్లుగా, డాక్టరేటున్న ఆ జర్మన్ ఇంజనీరు పని ఇదే: కట్టడాల ముక్కలు విరగ్గొట్టడం, ఎందుకు విరిగాయో రాసి పంపడం. తన దేశంలో వంతెనలవి, ఆపైన రేవులవి, చివరికి దోహాలో. జుట్టు సిమెంటు రంగుకు తిరిగింది. భార్య విసిగి ఏనాడో విడిపోయింది. ఆయన రాసినవి ఎవరైనా చదివారో లేదో ఆయనకే తెలియదు.

ఈ ముక్క దోహా శివార్లలో, బిర్కత్ అల్ అవామిర్‌లోని కార్మికుల క్యాంప్ కప్పుది. దాని కింద పడుకునేవాళ్లలో ల్యాబులో పనిచేసే జగిత్యాల గజేందర్ ఒకడు.

రైనర్ కంపెనీ మేనేజర్‌కు ఫోన్ చేశాడు.

"రిపోర్ట్ పంపండి, వచ్చే నెల చూద్దాం."

"అది నెల ఆగదు."

"పరీక్ష వరకే మీ పని, డాక్టర్."

ఇన్నేళ్లూ ఈ మాట విన్న ప్రతిసారీ తర్వాతి ముక్క అందుకునేవాడు. ఇవాళ ఫోన్ పెట్టేసి లేచాడు. స్టోర్‌లోని, కప్పుకు ఊతంగా నిలబెట్టే సెంట్రింగు జాకీలను ఎవరినీ అడక్కుండా పికప్‌లో వేయించి, గజేందర్‌ను ఎక్కించుకున్నాడు.

క్యాంప్ గదిలో నైట్ డ్యూటీ వాళ్లు నిద్రలో ఉన్నారు.

"గిప్పుడు యాడికి పోవాలె? వేరే రూమ్ మాఫీ, ఒక్కటి గూడ లేదు," అని వాళ్లలో భూమేష్ అనే అతను కసురుకున్నాడు.

"లే అన్నా! సార్ ఊకెనే రాలే. మంచాలు గోడకు జరుపుండ్రి," అన్నాడు గజేందర్.

ఉబ్బిన కప్పు కిందికి రైనర్ ఎవరినీ రానివ్వలేదు. జాకీలు తనే మోశాడు, తనే నిలబెట్టి మర తిప్పాడు. తిప్పినకొద్దీ పెచ్చులు తల మీద రాలాయి. చివరికి కప్పు మూలిగినట్టు చిన్న చప్పుడు చేసి జాకీల మీద కుదురుకుంది.

"పక్క గదులు?" అన్నాడు రొప్పుతూ.

"లైన్ మొత్తం గిట్లనే ఉన్నది సార్."

పికప్‌లో ఇంకో జాకీ లేదు. రైనర్ వరండా పొడుగునా ఉన్న తలుపులను చూశాడు. లోపలికి వచ్చి, ఛాతీ రుద్దుకుంటూ మంచం మీద కూలబడ్డాడు.

"చాయ్ తెస్త, కూసోండ్రి," అన్నాడు గజేందర్.

తెచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని, సగం తెరిచిన కళ్లతో పైకి చూస్తున్నాడు. ఊపిరి లేదు.

కొన్నాళ్లకు ల్యాబుకు కొత్త ఇంజనీరు వచ్చాడు. ఆ లైన్ కప్పులు బాగుచేయడానికి ఎవరూ రాలేదు. మంచాల నడుమ ఎర్ర జాకీలు అలాగే నిలబడి ఉన్నాయి. ఒకదాని పిడి మీద ఎవరిదో తువ్వాలు ఆరుతోంది.