నూట పది కరెంటు

ఎల్లారావుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. స్టీల్ ప్లాంటు పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. అక్కడ ఎవడైనా అరిస్తే తల దించుకుంటాడు, ఆ కసి ఇంట్లో తీర్చుకుంటాడు. అలాంటి మగాళ్ళు గాజువాకలో వీధికి పదిమంది ఉంటారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఆ ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా. స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేసరికి చెల్లెలు గౌరీశ్వరి టీవీకి తన కంప్యూటరు తగిలించుకుని కూర్చుంది. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న పాత మిషను. అక్షరాల మీటలూ లోపలి సరంజామా అంతా ఒకటే పెట్టె, టీవీ లేకపోతే అది గుడ్డిది, టేపు రికార్డరు కేసెట్టులోంచి ప్రోగ్రాం ఎక్కిస్తే గానీ పనిచెయ్యదు. గురువారం ఆ పిల్లకి ఒక షిప్పింగ్ కంపెనీలో కంప్యూటరు ఆపరేటరు ఉద్యోగానికి పరీక్ష.

"పది నిమిషాలన్నియ్యా. కేసెట్టులోంచి ప్రోగ్రాం ఎక్కతంది" అంది.

నలుగురి ముందు ఆడపిల్ల ఎదురు చెప్పిందని ఎల్లారావు ఒళ్ళు మండింది. వైర్లు తెంపి, మిషన్ని ఎత్తి గచ్చు మీద కొట్టాడు. అడ్డమొచ్చిన గౌరీశ్వరిని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. స్నేహితులు చెప్పులేసుకుని జారుకున్నారు.

ఎంత కోపిష్టికైనా సిగ్గంటూ ఉంటుంది. రెండు రోజులు అతనికి అన్నం సహించలేదు. అమ్మా నాన్నా పోయాక ఆ పిల్లని పెంచింది తనే. గురువారంలోగా మిషను రాకపోతే ఉద్యోగం పోతుంది, చెల్లెలు ఇక తన మొహం చూడదు. మంగళవారం సైకిలు అమ్మేసి, రేవు దగ్గర పాత ఊళ్ళో గులాం మొహమ్మద్ కొట్టుకి వెళ్ళాడు. ఓడల్లోంచి దిగిన రేడియోలూ టేపు రికార్డర్లూ బాగుచేసి అమ్మే ముసలాయన. పరీక్ష సంగతి విని, ఉన్న డబ్బుకే అలాంటిదే ఒక కంప్యూటరు తీసిచ్చాడు.

"ఇది అమెరికా ఓడ సరుకు బాబూ. దీనికి నూట పది కరెంటే. మన ఇళ్ళల్లో దానికి రెండింతలు. ఈ ట్రాన్స్‌ఫార్మరు కూడా కొనుక్కెళ్ళు, లేకపోతే కాలిపోద్ది."

జేబులో బస్సు చార్జీలకే ఉంది. డబ్బు లేదని చెప్పుకోవడం నామోషీ.

"నాను వెల్డర్ని భాయ్. కరెంటు సంగతి నాకు సెప్పకు" అనేసి వచ్చేశాడు.

ఇంట్లో ప్లగ్గు పెట్టగానే బుస్సుమని పొగ. గౌరీశ్వరి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తప్పు తనదని ఎల్లారావుకి తెలుసు. తెలిసిన తప్పుకే మనిషికి ఎక్కువ కోపం వస్తుంది, అదేం రోగమో. మిషన్ని సంకలో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాడు.

"ముసిలోడా, పాడు సరుకు అంటగడతావా" అంటూ గులాం మొహమ్మద్ కాలరు పట్టుకుని బల్ల మీంచి ఈడ్చాడు. అడ్డం పెట్టిన కుడిచెయ్యి మెలితిప్పి బల్ల అంచుకేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. కిందపడ్డ మనిషిని డొక్కలో తన్నాడు.

వెనక గదిలో రేడియోకి తీగలు అతుకుతున్న ముసలాయన కూతురు గౌసియా, చేతిలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీతోనే వచ్చి దాన్ని అతని ముంజేతికి అదిమింది. చర్మం కాలిన వాసన. ఎల్లారావు కేకపెట్టి గోడకి పడ్డాడు.

"ఇంకో అడుగెయ్యి. ఈసారి కంట్లో పెడతాను" అంది నెమ్మదిగా.

 నేల మీంచి ముసలాయన మూలిగాడు.

"మిషను సూడమ్మా. పరీక్ష ఆ పిల్లది. దాని తప్పేటుంది?"

గౌసియా విప్పి చూసింది. మిషను బాగానే ఉంది, దానికి కరెంటు అందించే డబ్బా ఒక్కటే కాలింది. తండ్రి చేతికైతే పావుగంట పని. ఆ చెయ్యి అప్పటికే వాచిపోతోంది. ఆయన పళ్ళు బిగబట్టి చెప్తుంటే ఆమే మన కరెంటుకి సరిపడే వేరే డబ్బా అతికింది.

"ఇది నీక్కాదు, మీ సెల్లికి" అని ఎల్లారావు ముందుకి తోసింది.

ఇంటికొచ్చాక టీవీలో అక్షరాలు కనబడ్డాయి. గౌరీశ్వరి మొహం విప్పారింది. అంతలో అన్న ముంజెయ్యి చూసింది.

"సేతికేటైంది?"

ఎల్లారావు ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఆయన్ని ఆస్పత్రికి తీసికెళ్ళేవా?"

"లేదు. నీకు ఆలస్యమైపోతాదని..."

గౌరీశ్వరి వైర్లు ఊడదీసి మిషన్ని ఒళ్ళోకి తీసుకుంది. "ఆళ్ళింటికెల్తన్నాను. పెద్దాయన్ని ఆస్పత్రిలో సూపిస్తాను. ఉండనిత్తే అక్కడ్నించే పరీక్షకెల్తాను."

"బరువు. నాను మోస్తానియ్యి" అని ఎల్లారావు చెయ్యి చాపాడు.

గౌరీశ్వరి నేల మీద కూలబడి, కళ్ళు మూసుకుని, మిషను మీదకి వంగిపోయింది. వీపు మాత్రం అతనికి వదిలేసింది.

"కొట్టనమ్మా" అన్నాడు.

ఆమె కదల్లేదు. ఎల్లారావు గుమ్మం దాటి, వీధి అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాక గానీ లేవలేదు.